మూత్రం ఆగకపోతే తప్పు మూత్రాశయానిదేనా?

అరవై దాటిన మనిషి రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుంటే, మగవాళ్లకైతే ప్రోస్టేట్ అంటాం. ఆడవాళ్లకైతే కాన్పుల వల్ల కండరాలు వదులయ్యాయంటాం. చాలాసార్లు అది నిజమే. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే, మెదడు, వెన్నుపాము జబ్బులు కొన్ని ఏళ్ల తరబడి బయటపడవు.

మూత్రాశయం తనంతట తాను నడిచేది కాదు. నిండుతోందన్న కబురు వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది. మూత్ర విసర్జనను నడిపే కేంద్రం మెదడు కాండంలోని పాన్స్‌లో ఉందని 1925లో బారింగ్టన్ పిల్లులపై ప్రయోగాలు చేసి చూపించాడు. ‘ఇప్పుడు కాదు, ఆగు’ అని దాన్ని ఆపేది మెదడు ముందుభాగం. పక్షవాతంలోనో, పార్కిన్సన్స్‌లోనో ఈ అదుపు సడలితే బాత్‌రూమ్ దాకా వెళ్లే వ్యవధి కూడా ఉండదు. వెన్నుపాము దెబ్బతింటే ఇంకో చిక్కు. మూత్రాశయం బిగుసుకుని మూత్రాన్ని బయటికి నెట్టే సమయంలోనే, దారి మూసే కండరం కూడా బిగుస్తుంది. ఆ ఒత్తిడి పైకి ఎగదన్ని కిడ్నీలను దెబ్బతీస్తుంది. షుగర్ వల్ల నరాలు పాడైతే అసలు నిండిన సంగతే తెలియకపోవచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ. చూడటానికి పార్కిన్సన్స్‌లాగే ఉండే ఈ జబ్బులో, నడక మందగించడానికి ముందే మూత్రం ఇబ్బంది మొదలవ్వొచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మగవాళ్లలో అంగస్తంభన తగ్గడం కూడా ఉంటాయి. ఆ ప్రశ్నలు ఎవరూ అడగక ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. జబ్బు నరాలది కాబట్టి ఆపరేషన్ తర్వాతా బాధ తీరదు, పైగా లీకేజీ పెరగవచ్చు.

మెదడులో నీరు చేరే జబ్బు సంగతి వేరు. 1965లో హకీం, ఆడమ్స్ వివరించిన ఈ స్థితిలో కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడక మారుతుంది, మతిమరుపు వస్తుంది, మూత్రం ఆగదు. ఈ మూడింటినీ వయసు ఖాతాలో వేసేయడం ఎంత తేలికో! కానీ సరైన రోగిని ఎంచి షంట్ (ఆ నీటిని వేరే చోటికి మళ్లించే సన్నని గొట్టం) వేస్తే మళ్లీ బాగా నడవగలిగే అవకాశం ఉంది.

మందుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మూత్రాశయాన్ని శాంతపరిచే పాత మందులు కొన్ని పెద్దవయసువాళ్లలో తికమక, మతిమరుపు పెంచుతాయి. మెదడు జబ్బు ఉన్నవాళ్లకు అవి రాసేముందు డాక్టర్ ఆలోచించాలి, ఇంటివాళ్లూ అడగాలి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చిన్న స్కాన్ చెప్పేస్తుంది, దానికి నిమిషాలు చాలు.

ఒక్క లక్షణం దగ్గర మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు. నడుంనొప్పితోపాటు తొడల మధ్య స్పర్శ పోయి, మూత్రం బిగుసుకుపోతే వెన్ను కింది నరాలు నలిగిపోతున్నాయేమోనని అనుమానించాలి. అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.