ముందు వరద, తర్వాత పైథాన్

గోదావరికి వరద వచ్చిందంటే లంక గ్రామాల పిల్లలకు ఎవరూ నేర్పకుండానే మూడు అంకెలు నోటికి వస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. అదే పిల్లలు బడిలో కంప్యూటర్ నోటుపుస్తకం తెరిస్తే కనిపించేది మౌస్ బొమ్మ, దాని తోక, పక్కన భాగాల పేర్లు. తొలి తరం యంత్రాల్లో ఏం వాడేవారన్నది పరీక్షకు ఖాయమైన ప్రశ్న. వాక్యూమ్ ట్యూబులని రాసి మార్కు తెచ్చుకున్న పిల్ల ఆ ట్యూబును ఎన్నడూ చూసి ఉండదు. చూడాల్సిన అవసరమూ లేదు.

కోడింగ్‌ను, అంటే కంప్యూటర్‌కు సూచనలు రాయడాన్ని, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దశలోనే మొదలుపెట్టాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచిదే. కానీ హైస్కూలులో కంప్యూటర్ శాస్త్రం పేరు తొలిసారి వినే పిల్లలకు ఏం చెప్పాలన్న దగ్గరే మనం తడబడుతున్నాం. ఒకచోట టైపింగ్ నేర్పి కంప్యూటర్ విద్య అయిపోయిందంటారు. మరోచోట పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములను పద్యాల్లా బట్టీ పట్టిస్తారు. ఈ రెండూ మాకు సమ్మతం కాదు.

పై మూడు హెచ్చరికలనే పాఠంగా పెట్టి చూడండి. నీటిమట్టం ఇస్తే ఏ హెచ్చరికో చెప్పే ప్రోగ్రాము రాయమనండి. చాలామంది చిన్న అంకెతోనే మొదలుపెడతారు: మట్టం 11.75 దాటితే మొదటి హెచ్చరిక, లేదంటే 13.75 దాటిందేమో చూడు. అదీ కాకపోతే 17.75. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది, యంత్రమూ తప్పు పట్టదు. తీరా 18 అడుగులని ఇస్తే మొదటి హెచ్చరికే వస్తుంది! తొలి షరతే నిజమైపోయింది కాబట్టి మిగిలిన రెండింటి జోలికి యంత్రం పోదు. లంకలు మునిగి జనం పడవలెక్కే వేళ మన ప్రోగ్రాము అప్రమత్తంగా ఉండమని చెప్పి సరిపెడుతుంది. పెద్ద అంకెను ముందుకు తేవాలని ఆ పిల్ల తనంతట తాను పట్టుకున్న రోజే ఆమెకు ఈ శాస్త్రంలో అక్షరాభ్యాసం. మాస్టారు అక్కడితో వదలకూడదు. నీరు సరిగ్గా 11.75 దగ్గర నిలిస్తే ఏం చెప్పాలని అడగాలి. ‘దాటితే’ అన్న మాటకూ ‘చేరితే’ అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో అప్పుడు తెలుస్తుంది.

ఇలాంటి సరుకుకు డెల్టాలో కొరతా? దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, కాలువ నీటిని వంతులవారీగా వదులుతారు. శివారు చేనుకూ అందేలా ఆ వంతులు కట్టమనవచ్చు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. మళ్లీ మళ్లీ కొలిచి, తగ్గినప్పుడల్లా నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి. భీమవరం వైపు చెరువుగట్టున కాపలా కాసే మనిషి రాత్రంతా నడిపేది లూపే, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే సూచనే, పేరు తెలియకపోతేనేం. ఇక తెలుగు మాస్టారి దగ్గరా అప్పు తెచ్చుకోవచ్చు. ఛందస్సులో ఉన్నవి గురువు, లఘువు అనే రెండే గుర్తులు. మూడక్షరాల గణాలు 8 మాత్రమే ఎందుకని తరగతిలో ఎప్పుడైనా అడిగామా? రెండును మూడుసార్లు వేసి హెచ్చిస్తే వచ్చేది అదే. నన్నయ భారతం రాసిన రాజమహేంద్రవరానికి కూతవేటు దూరంలో, సున్నా, ఒకటి అనే రెండే గుర్తులతో నడిచే బైనరీని పరాయి విద్యలా చెప్పడం మాకైతే వింతగా ఉంది.

అలాగని కాగితంతోనే కానిచ్చేయమని మేము అనడం లేదు. మొదటి నెల కాగితం చాలు. ఆ తర్వాత పిల్లలు తమ తప్పును తెర మీద తామే చూసుకోవాలి, అందుకు ముందు కంప్యూటర్ గది తాళం తీయాలి. ఉప్పుగాలికి పాడవుతాయని, పిల్లలు పాడుచేస్తారని గుడ్డ కప్పి ఉంచిన యంత్రాలు ఎవరూ ముట్టుకోకుండానే పాడవుతాయి. ఖర్చు సాకు ఇక్కడ పూర్తిగా చెల్లదు. పిల్లలు బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్, పైథాన్ రెండూ ఉచితం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కేరళ తన ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా ఈ చదువు నడుపుతోంది. డబ్బు పెట్టాల్సింది ఉపాధ్యాయుల మీద. ఖాళీ పీరియడు ఉందని లెక్కల మాస్టారికో, పీఈటీ మాస్టారికో అంటగడితే మళ్లీ మౌస్ బొమ్మే మిగులుతుంది.

ఈ ఏడాదికి ఒక్క మార్పు చేసినా చాలు. ప్రశ్నపత్రంలో వాక్యూమ్ ట్యూబును తీసేసి, వరుస తప్పిన ఆ వరద ప్రోగ్రామునే అచ్చువేయండి. 18 అడుగులకు అది ఏం చెబుతుంది, ఎందుకు? అయిదు మార్కులు.