తీసిన ఉప్పు, వేసిన ఉప్పు

చెన్నై తిరువాన్మియూరులో మా ఇంటి నుంచి సముద్రానికి పది నిమిషాల నడక. ఆ సముద్రం నీళ్లనే దక్షిణాన నెమ్మేలి దగ్గర లోపలికి లాగి, ఉప్పు తీసేసి, మంచినీళ్లుగా ఊళ్లోకి వదులుతారు. 2013లో తెరిచిన ప్లాంటు రోజుకు 10 కోట్ల లీటర్లది. అది చాలక 2024లో 15 కోట్ల లీటర్లది ఇంకోటి మొదలుపెట్టారు. ఇంత ఖర్చుతో ఉప్పు వదిలించుకున్న నీళ్లు మా మూడో అంతస్తుకు చేరతాయి. వాటిని నేను ఆర్‌వో మెషీన్‌కు పట్టించి, మిగిలిన ఆ కాస్త ఉప్పూ తీయించి, తర్వాత లీటరుకు 35 గ్రాముల చొప్పున డబ్బా ఉప్పు కలిపి మళ్లీ సముద్రం చేస్తాను.

ఇదంతా హాల్లో గాజు ట్యాంకులో పెంచే, క్లౌన్ ఫిష్ అనే బొటనవేలంత సముద్రపు చేప కోసం.

దీన్ని పిచ్చి అనేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. నేను పట్టించుకోను. 2019 జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరిది. అలాంటి ఊళ్లో లీటరు ఆర్‌వో నీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతుంటే మనసు చివుక్కుమనదా అంటే, చివుక్కుమంటుంది. అందుకే ఆ నీళ్లతో ఇల్లు తుడిపిస్తున్నాం. రోజుకు రెండుసార్లు. మా పనిమనిషి ఈ విషయంలో చేప పక్షాన లేదు.

గూడూరు నుంచి వచ్చిన మా అత్తగారు మొదటిరోజే అడిగారు. "సముద్రం పక్కనే ఉంది కదా నాయనా, రెండు బిందెలు తెచ్చుకుంటే పోలా?"

అడయారు, కూవం నదులు ఏమేం మోసుకొచ్చి ఆ సముద్రంలో కలుపుతాయో వివరించాను. ఒడ్డు దగ్గరి నీళ్లు చేపలకు మంచివి కావన్నాను.

"మరి అందులో ఉన్న చేపలో?"

"వాటికి వేరే దారి లేదత్తయ్యా."

"పోనీ రాళ్లుప్పు వెయ్యి."

వంట ఉప్పంతా దాదాపు సోడియం క్లోరైడే. సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం వగైరాలు అందులో ఆ పాళ్లలో ఉండవు. అందుకే ఆరు వందల చేపకు అంతకు కొన్ని రెట్ల ఖరీదైన ఉప్పు కొన్నాను. ధర చెబితే ఆవిడ ఏమీ అనలేదు. మా ఆవిడ వైపు చూశారు, అంతే.

నీళ్లు సిద్ధమైనంత మాత్రాన చేపను తెస్తామా? తేకూడదు. దాని విసర్జనలోంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు రాళ్ల మీద కాపురం పెట్టాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మాకు ఆరు పట్టింది. ఆ ఆరు వారాలూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ హాల్లో నీలం లైటు కింద ఖాళీ నీళ్లు చూపించాను. "చేపలేవీ?" అంటే "ఇంకా రాలేదు, బ్యాక్టీరియా వస్తోంది" అనేవాణ్ని. మా పిన్ని కొడుకు ఒకడు ఆ మాట విని కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు.

చివరికి ఒక ఆదివారం కొళత్తూరు వెళ్లాం. రంగు చేపల వ్యాపారానికి పేరుపడ్డ పేట అది. షాపతను భరోసాగా చెప్పాడు, ఇది హేచరీలో పుట్టిన పిల్ల సార్, పెంపకం నీళ్లకు అలవాటుపడ్డదని. అంటే నేను ఆరు వారాలు కష్టపడి తయారుచేసిన సముద్రాన్ని గుర్తుపట్టడానికి దీనికి సముద్రమంటే ఏమిటో తెలియదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇక గృహప్రవేశం. గదిలో లైట్లార్పించాను. టీవీ ఆపించాను. కవరును మూతి విప్పకుండా పావుగంట ట్యాంకులో తేలనిచ్చాను, ఉష్ణోగ్రతలు కలవడానికి. తర్వాత చేపను ఆ నీళ్లతోపాటు బకెట్లోకి దించి, సన్నటి గొట్టంతో మా నీళ్లు చుక్కచుక్కగా వదిలాను. షాపు నీళ్లలో ఉప్పు తక్కువ. ఒక్కసారిగా మార్చితే చేప ఒళ్లు తట్టుకోదు. గంటసేపు బాత్రూం స్టూలు మీద కూర్చుని సెలైన్ ఎక్కిస్తున్న నర్సులా చుక్కలు లెక్కపెట్టాను. మా పెళ్లయ్యాక నేను అత్తవారింటికి వెళ్లినరోజు నన్నెవరూ ఇలా అలవాటు చేయలేదు. నేరుగా గోంగూర పచ్చడిలోకి దించారు.

ఆ రాత్రి రెండింటికి లేచి చూస్తే చేప ఒక మూల నీటిపైకి చేరి, పక్కకు వాలి, అటూ ఇటూ ఊగుతోంది. పోయిందనుకున్నాను. మా ఆవిణ్ని లేపాను. క్లౌన్ ఫిష్ నిద్రపోయే పద్ధతే అదని తర్వాత తెలిసింది. మా ఆవిడ నిద్రపోయే పద్ధతి మాత్రం ఆ రాత్రితో దెబ్బతింది.

చెన్నై ఎండకు ట్యాంకు 26 డిగ్రీల దగ్గర ఆగాలంటే చిల్లర్ పెట్టాలి. ప్రభుత్వం రెండు నెలలకిచ్చే 100 ఉచిత యూనిట్లూ చేపగారి ఖాతాలోకే పోయాయి. మేం ఫ్యాను కింద ఉంటున్నాం.

నాలుగు రోజులు అది తిండి ముట్టలేదు. కొత్త చోట అది మామూలే అన్నారు గానీ నాకు టెన్షన్ తగ్గలేదు. సముద్రంలో ఇవి కాపురముండే ఎనిమోన్ అనే జీవి లేకపోయినా ఇవి బతుకుతాయి, దేన్నో ఒకదాన్ని ఇల్లనుకుంటాయి. నేను కట్టిన రాతి గుహలను వదిలేసి మాది థర్మామీటరును ఇల్లనుకుంది. ముప్పై రూపాయల థర్మామీటరు.

ఐదోరోజు పొద్దున అత్తగారు కాఫీ గ్లాసుతో ట్యాంకు ముందు నిలబడ్డారు. ఈ చేపలన్నీ మొదట మగవేనని, గుంపులో పెద్దది ఆడదవుతుందని, అది పోతే దాని మొగుడే ఆడదై ఆ చోటులోకి వస్తుందని నేను చెబుతున్నాను.

"సంసారం మీద పడ్డాక ఇంకేం చేస్తుందిలే" అని, మాటల్లోనే వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. "ఉప్పు చాల్లేదు నాయనా."

నీళ్లలో ఉప్పెంతుందో కొలిచే గొట్టం, రిఫ్రాక్టోమీటరు, తెచ్చి చూపించాను. 1.025. అచ్చం సముద్రం. వందల జాడీల ఆవకాయ కలిపిన మనిషి ఆ గొట్టాన్ని పట్టించుకోలేదు. ఆవిడ తప్పని తేల్చడానికే క్యాలిబ్రేషన్ ద్రావణం తెప్పించి సరిచూశాను. గొట్టమే తప్పు. నీళ్లు 1.021లో ఉన్నాయి.

మామూలుగా నీరే ఆవిరవుతుంది, ఉప్పు ఉండిపోతుంది కాబట్టి తగ్గినంతా ఉప్పులేని నీళ్లే పోయాలి. నేను వారం పాటు ఉప్పునీళ్లు పోసుకుంటూ నెమ్మదిగా పైకి తెచ్చాను. ఆ వారంలోనే చేప తిండికి వచ్చింది. ఉప్పువల్లో, అలవాటువల్లో నేను చెప్పలేను. అత్తగారు చెప్పగలరు, ఫోన్లో గూడూరంతా చెప్పారు కూడా.

ఇప్పుడు రోజూ కాఫీకి ముందు చేతులు సబ్బు లేకుండా కడుక్కుని వచ్చి రుచి చూసి "ఇవాళ బాగుంది" అంటారు. రిఫ్రాక్టోమీటరు పెట్టెలో ఉంది. శుక్రవారం ఊరెళ్లాలట, టికెట్ తీయమని మూడుసార్లు అడిగారు. సర్వర్ డౌన్‌లో ఉందని చెబుతున్నాను.