త్రివిక్రముడి మూడో అడుగు

మద్రాసులో మా సాలిగ్రామంలో ఒక పెద్దమనిషి ఉన్నారు. విజిటింగ్ కార్డు మీద పేరు కింద ‘జర్నలిస్టు, రచయిత, పాడ్‌కాస్టర్’ అని మూడు బిరుదులుంటాయి. కరెంటు బిల్లు మాత్రం బళ్లో పాఠాలు చెప్పే వాళ్లావిడ కడుతుంది. ఇంతటి మహనీయుడికి జీవితచరిత్ర లేకపోవడం జాతికే తలవంపులని తోచి, నేనే పూనుకున్నాను.

వామనుడు రెండడుగులతో భూమ్యాకాశాలు కొలిచేసి, మూడోదానికి చోటు లేక బలి నెత్తి చూసుకున్నాడు కదా. ఈయన లెక్కా అంతే.

మొదటి అడుగు పత్రికలో. డెస్కులో పన్నెండేళ్లు కూర్చుని, జిల్లాల నుంచి వచ్చే వార్తల్లో ‘సదరు’ కనిపించిన చోటల్లా కొట్టేశారు. తెలుగు భాషకు అంతకు మించిన సేవ లేదని ఇప్పటికీ ఆయన నమ్మకం. ఒక సాయంత్రం యాజమాన్యం ఆయన పేరునే కొట్టేసింది. ఆ వివరాల్లోకి పోను.

రెండో అడుగు పుస్తకం. సొంత ఖర్చుతో ఐదువందల కాపీలు. ఆవిష్కరణకు వచ్చినవాళ్లంతా ‘తప్పకుండా చదువుతాం’ అని సంతకం పెట్టించుకుని ఉచితంగా పట్టుకుపోయారు. కొన్నది ఒక్క మామగారే, అదీ డిస్కౌంటు అడిగి. మిగిలిన కట్టలు మంచం కింద ఉన్నాయి. మంచానికి అవే దన్ను.

ఇక మూడోది పాడ్‌కాస్ట్, అంటే ఇంటర్నెట్‌లో ఎపిసోడ్లుగా వినిపించే కబుర్లు. ఆ మాట 2004లో బెన్ హామర్స్‌లీ అనే విలేకరి బ్రిటన్ పత్రిక ‘గార్డియన్’లో రాసిన వ్యాసంలో పుట్టింది. వ్యాసం ఒక వాక్యం తక్కువ పడితే ఆ ఖాళీ పూడ్చడానికి అల్లిన మాట అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ సంగతి విన్నప్పుడు మా పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లూ ఆయన చేసింది ఆ పనే మరి! పాటలు వినే ఐపాడ్ అనే పరికరం పేరులోంచి పుట్టిన మాట ఇది. ఆ ఐపాడ్ 2022లో కాలం చేసినా, పేరు మోస్తున్న బిడ్డ మాత్రం మా వీధిలో క్షేమం.

స్టూడియో అంటే పడగ్గది. మే నెలలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మైకుతో సహా రగ్గు కప్పుకుంటారు. ఆ గంటసేపూ ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కరు కూయకూడదు. ఆయన బయటికొచ్చేసరికి ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలా ఉంటారు, చట్నీ మాత్రం ఉండదు. మూడో అడుగు ఎవరి నెత్తిన పడిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అసలు తప్పు వరసలో ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, తలనొప్పులు తగ్గించి నాలుగు డబ్బులు వెనకేశాకే 1908లో ‘ఆంధ్రపత్రిక’ పెట్టారు. 1914లో దాన్ని ఈ మద్రాసుకే తెచ్చి దినపత్రిక చేశారు. ఇదే మద్రాసులో ఆయుర్వేద మందుల కె.ఎన్. కేసరి గారు కూడా లోధ్ర మందు అమ్మిన చేత్తోనే 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. ముందు మందు, తర్వాత అక్షరం! మా పెద్దమనిషి ముందు అక్షరం పట్టుకున్నారు, ఇప్పుడు మందు రాసుకుంటున్నారు. ఎపిసోడ్ మధ్యలో ఎవరిదో జుట్టు నూనె ప్రకటన చదువుతారు కూడా. వినేవాళ్లకు ఆయన తల కనపడకపోవడం ఆ కంపెనీ అదృష్టం.

మొన్న పన్నెండో ఎపిసోడ్. అంశం ‘తెలుగు పుస్తకం విలువ’. గొంతు గద్గదమై, సరిగ్గా ‘అక్షరానికి వెల కట్టగలమా?’ అనగానే కిటికీ కింద పాత కాగితాలవాడు ‘పళయ పేపర్...’ అని రాగం తీశాడు. మళ్లీ చెప్పే ఓపిక లేక అలాగే ఎక్కించేశారు.

పన్నెండు ఎపిసోడ్లలో మొదటిసారి ఒక శ్రోత స్పందించాడు. నెల్లూరు నుంచి. ‘చాలా బాగుంది సార్. కిలో ఎంతకి తీసుకుంటున్నాడు?’

ఆ మాట ఆయనకన్నా ముందు వాళ్లావిడ చదివింది.