వియ్యంకులు ముందే దిగారు

విజయనగరం వాళ్ళు విమానం ఎక్కాలంటే ముందు వైజాగ్ చేరాలి, దానికి ముందు కొత్తవలస మీదుగా వెళ్దామా ఆనందపురం మీదుగా వెళ్దామా అని కారు డ్రైవరుతో వాదించి ఓడిపోవాలి, ఇంత అయ్యాక సీట్లో కూలబడ్డవాడికి అవతల ఏ ఎయిర్‌పోర్టులో దిగుతున్నాం అన్నది పెద్ద విషయంగా తోచదు. టికెట్టు మీద ఊరి పేరుందా, ఉంది. చాలు. కానీ మహానగరాలతో వచ్చిన చిక్కేమిటంటే వాటికి ఒక ఎయిర్‌పోర్టు సరిపోదు, రెండోది కట్టడానికి ఊళ్ళో జాగా ఉండదు. అందుకని ఊరి పేరు ఒకచోట, విమానం ఇంకోచోట, మనం వెళ్ళాల్సిన ఇల్లు మూడోచోట ఉంటాయి. ఈ సంగతి నాకు మా బావగారి ఖర్చుతో తెలిసింది.

మా మేనకోడలు, అల్లుడు ముంబయి అవతల ఖార్‌ఘర్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. మూఢం వెళ్ళగానే ఫాల్గుణంలో గృహప్రవేశం. ముహూర్తం పెట్టింది శ్రీకాకుళంలో వియ్యాలవారి పంతులుగారు, మా దాసన్నపేట పంతులుగారు కాదు. ఇది మా బావగారికి లోపల గుచ్చుకుంది. పైకి ఏమీ అనలేదు గానీ ఒక నిర్ణయానికి వచ్చేశారు: ముహూర్తం వాళ్ళు పెట్టుకున్నారు సరే, ఇంటికి మాత్రం ముందు మనమే చేరాలి, వియ్యంకుడుగారు లిఫ్టు దిగేసరికి గుమ్మంలో నిలబడి 'రండి రండి బావగారూ, ప్రయాణం బాగా జరిగిందా' అని అడగాలి. అడిగేవాడిదే ఇల్లు కదా మరి.

బావగారు ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. బిల్లు ఏదైనా మూడుసార్లు చూస్తే గానీ సంతకం పెట్టని మనిషి. టికెట్ల కోసం కంప్యూటరు ముందు కూర్చుని ముంబయి అని కొట్టగానే రెండు వచ్చాయి, ఒకటి మామూలు ముంబయి, రెండోది నవీ ముంబయి. ఈ రెండోది 2025 అక్టోబరు 8న ప్రారంభమై, డిసెంబరు 25 నుంచి ప్రయాణికులకి తెరిచిన కొత్త ఎయిర్‌పోర్టు. పాతది శాంతాక్రూజ్, అంధేరి పక్కన ఊరి మధ్యలో ఇరుక్కుపోయింది, కొత్తది పన్వేల్ దగ్గర ఉల్వేలో ఉంది. రెంటి మధ్య సముద్రపు పాయ అడ్డం.

బావగారు నవీ ముంబయి వైపు ఒక్క క్షణం చూసి కొట్టిపారేశారు.

"ఇది ముంబయి కాదు. ముంబయి పేరు చెప్పుకుంటున్న వేరే ఊరు. విజయనగరం రావలసినవాడు విజయవాడలో దిగితే ఎలా ఉంటుంది?"

అక్క వంటింట్లోంచి అంది, "మరి పిల్ల కూడా నవీ ముంబయి అనే కదండీ చెప్తాది? ఒకసారి ఫోన్ చేసి అడగండి."

"పిల్లలు ఉద్యోగాలతో నలిగిపోతున్నారు. ఇంత చిన్న విషయానికి వాళ్ళని డిస్టర్బ్ చెయ్యకూడదు."

ఇదిగో, ఇక్కడే ఉంది కిటుకంతా. ఖార్‌ఘర్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్న పిల్లని అడగలేదు గానీ, జన్మలో ముంబయి చూడని కోట దగ్గర వాకింగ్ బ్యాచ్‌ని మాత్రం సాయంత్రం కూలంకషంగా అడిగారు. వాళ్ళలో ఒకాయన కొడుకు లండన్‌లో ఉంటాడు. లండన్ పేరుతో ఆరు ఎయిర్‌పోర్టులున్నాయని, హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌత్‌ఎండ్ అని అష్టోత్తరం చదివినట్టు చదివి, తమ అబ్బాయి ఉండేది లూటన్‌లోనే అయినా ఇండియా విమానం దిగేది హీత్రోలో కాబట్టి ఈ పరిజ్ఞానం వల్ల తనకేమీ ఉపయోగం లేకపోయిందని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఇంకొకాయన కూతురు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. మొదటిసారి వెళ్ళినప్పుడు న్యూయార్క్ అంటే న్యూయార్కే కదా అని జేఎఫ్‌కేకి టికెట్ కొన్నారట. ఎడిసన్‌కి దగ్గరది నెవార్క్, అది న్యూజెర్సీలోనే ఉంది. జేఎఫ్‌కే నగరానికి అవతలి కొసన క్వీన్స్‌లో. అల్లుడు సెలవు పెట్టి, వంతెనలు దాటి, టోళ్ళు కట్టి, వెళ్ళి తెచ్చాడట. "ఏమీ అనలేదండీ పాపం, దారంతా ఒక్కమాట మాట్లాడలేదు," అని ఆయన మెచ్చుకోలుగా చెప్పాడు.

నన్నడిగితే వీళ్ళు అదృష్టవంతులు. పారిస్ పేరు పెట్టుకున్న బోవే ఎయిర్‌పోర్టు ఆ ఊరికి 80 కిలోమీటర్ల పైన ఉంటుంది, అంటే మనకి శ్రీకాకుళం దాటిపోవడమే. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఇంకొకటుంది, అది అసలు ఊరికి 120 కిలోమీటర్లు. పేరు పెట్టడానికి డబ్బులు పడవు కదా.

బ్యాచ్‌లో మూడో ఆయన మాత్రం చర్చని భోగాపురానికి తీసుకుపోయాడు. మన దగ్గర ఏ చర్చయినా చివరికి భోగాపురంలోనే దిగుతుంది. మాకు దగ్గర్లో తలపెట్టిన ఆ కొత్త ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి శంకుస్థాపన, 2023లో మళ్ళీ శంకుస్థాపన, మొత్తానికి రన్‌వే తయారై 2026 జనవరిలో ట్రయల్‌గా విమానం కూడా దిగింది గానీ, మా ప్రయాణం నాటికి ఇంకా ప్రయాణికులకి తెరవలేదు. అది తెరిస్తే విజయనగరం వాళ్ళకి ఇంట్లో కాఫీ తాగి బయల్దేరినా విమానం దొరుకుతుందని అందరూ సంతోషించి, బావగారి ప్రశ్న సంగతి మర్చిపోయి, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

బావగారు ఇంటికొచ్చి పాత ముంబయికే కొన్నారు. నిజం చెప్పాలంటే ఆయన లెక్కలో న్యాయం లేకపోలేదు. వైజాగ్ నుంచి అది డైరెక్ట్ ఫ్లైటు, కొత్తదానికైతే హైదరాబాద్‌లో మారాలి. పైగా మనిషికి ఆరేడు వందలు తక్కువ. కొన్నాక టికెట్టుని ఫోన్‌తో ఫోటో తీసి అల్లుడికి వాట్సాప్ చేశారు. ఆ ఫోటోలో కంప్యూటరు మీది దుమ్ము, బావగారి బొటనవేలు, మధ్యాహ్నం దిగే టైము, ముంబయి అన్న ముక్క స్పష్టంగా ఉన్నాయి. మిగతాది వేలి కింద ఉంది. అల్లుడు ఆ టైము చూసి సంబరపడ్డాడు, ఎందుకంటే వాళ్ళ నాన్నా అమ్మా హైదరాబాద్‌లో మారి నవీ ముంబయిలో దిగేదీ దాదాపు అప్పుడే. అందరినీ ఒకేసారి తీసుకురావచ్చని పెద్ద బండి మాట్లాడాడు.

ప్రయాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అక్క ఒళ్ళోని ఇత్తడి పాలగిన్నె తప్ప. గృహప్రవేశంలో పాలు పొంగించే గిన్నె పుట్టింటి నుంచే రావాలి కాబట్టి, లగేజీలో వేస్తే సొట్ట పడుతుందని దాన్ని తుండుగుడ్డలో చుట్టి చేత్తోనే పట్టుకుంది. సెక్యూరిటీ అమ్మాయి విప్పించి చూసింది, లోపల ఇంకో గుడ్డ, అందులో పసుపు పొట్లం, కుంకుమ పొట్లం, బెల్లం అచ్చు, ఒక్కొక్కటీ తీసి ట్రేలో పెట్టి మళ్ళీ అదే వరసలో సర్దిచ్చింది. బంగారు తల్లి.

ముంబయి మీదికొచ్చాక విమానం దిగకుండా తిరగడం మొదలెట్టింది. పాత ఎయిర్‌పోర్టుకి రన్‌వేలు రెండున్నా అవి ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, అందుకని రెంటినీ ఒకేసారి వాడలేరు, ఒకటే వాడాలి, ఆ ఒక్కదాని కోసం ఆకాశంలో క్యూ. కొత్తది కట్టిందే ఇందుకు. "ప్రదక్షిణ ఫ్రీ," అన్నారు బావగారు హుషారుగా. అప్పటికింకా హుషారుగానే ఉన్నారు.

రెండో టెర్మినల్ నుంచి బయటికొచ్చి సామాన్లతో నిలబడ్డాం. ఫోన్ మోగింది. బావగారు స్పీకర్ పెట్టారు.

"మావయ్యగారూ, వచ్చేశారా?"

"వచ్చేశాం బాబూ, బయటే ఉన్నాం, కాఫీ షాపు ఎదురుగా."

"నేనూ కాఫీ షాపు ఎదురుగానే ఉన్నానండీ, కనపడట్లేదేంటి?"

"తెల్ల చొక్కా వేసుకున్నాను."

"తెల్ల చొక్కాలు ఇక్కడ చాలామంది ఉన్నారండీ. ఒకసారి చెయ్యెత్తండి."

బావగారు చెయ్యెత్తారు. పక్కనున్న ట్యాక్సీ వాళ్ళు ముగ్గురు పరుగున వచ్చారు.

"ఆ, కనిపించారండీ! అక్కడే ఉండండి, వచ్చేస్తున్నా!"

ఫోన్లో అల్లుడి అడుగుల చప్పుడు, ఆయాసం, తర్వాత ఎవరితోనో హిందీలో క్షమాపణ. అక్కడ కూడా ఎవరో పాపం చెయ్యెత్తాడన్నమాట. అల్లుడు వెళ్ళి ఆయన చేతిలో సంచి అందుకోబోయాడట.

"మీరు కాదండీ ఆయన. మావయ్యగారూ, మీరు పైకి చూడండి, తామర రేకుల్లా పెద్ద పెద్ద స్తంభాలున్నాయి కదా, వాటి కింద నిలబడండి."

బావగారు పైకి చూశారు. నేనూ చూశాను. అక్క గిన్నె పట్టుకుని తనూ చూసింది.

"తామరలు లేవు బాబూ. లోపల అంతా నెమలి పింఛాల డిజైన్ ఉంది."

అవతల నిశ్శబ్దం. పాత ఎయిర్‌పోర్టు రెండో టెర్మినల్‌ని నెమలి మీద, కొత్త ఎయిర్‌పోర్టుని తామర పువ్వు మీద కట్టారు. ముంబయిలో ఉండేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. అల్లుడికి విషయం అర్థమయ్యిందని ఆ నిశ్శబ్దాన్ని బట్టి నాకర్థమయ్యింది. ఈలోగా ఇంటి నుంచి మేనకోడలు కూడా లైన్లోకి వచ్చి, "నాన్నా, పాతదాంట్లో దిగారా? ఏ టెర్మినల్?" అని అడిగింది.

"ఎయిర్‌పోర్టే తేలలేదు, టెర్మినల్ ఏంటమ్మా!" అన్నారు బావగారు, తప్పు ఆ పిల్లదే అయినట్టు.

ఆ వెనకాల, అల్లుడి ఫోన్లోనే, ఇంకో గొంతు వినిపించింది. ఎంతో ప్రశాంతమైన గొంతు. "ఎవర్రా, బావగారేనా? కంగారు పడొద్దని చెప్పు. మేం ఇంటికెళ్ళి ఏర్పాట్లు చూస్తూ ఉంటాం."

క్యాబులో బావగారు ముందు సీట్లో కూర్చున్నారు. చెంబూరు దాకా ఏమీ మాట్లాడలేదు. మాన్‌ఖుర్ద్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం, వాళ్ళు శ్రీకాకుళంలో రాత్రి మూడింటికే బయల్దేరి ఉంటారని, హైదరాబాద్‌లో మారేటప్పుడు ఎంత నడిచుంటారో అని, ఆ వయసులో అంత కష్టం అవసరమా అని, వియ్యంకుడి ఆరోగ్యం గురించి చాలా బాధపడ్డారు. వియ్యంకుడు ఆయన కంటే రెండేళ్ళు చిన్న. వాశీ వంతెన మీదికొచ్చేసరికి కింద నీళ్ళు, అవతల నవీ ముంబయి మేడలు కనిపించాయి. అక్క కిటికీలోంచి చూసి, "ఓలమ్మ, ఊరు ఇక్కడుంటే మనం అక్కడెందుకు దిగాం?" అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. డ్రైవరుకి తెలుగు రాదు గానీ, నవ్వాడు.

ఖార్‌ఘర్ చేరేసరికి మూడు దాటింది. కొత్త ఎయిర్‌పోర్టు నుంచైతే ఇంటికి అరగంట ప్రయాణమట. లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుమ్మంలో వియ్యంకుడుగారు, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉతికిన పంచెలో, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నారు.

"రండి రండి బావగారూ! ప్రయాణం బాగా జరిగిందా?"

వియ్యపురాలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కాళ్ళు కడుక్కోండి అన్నయ్యగారూ. ఇందాకటి నుంచీ మీకోసమే చూస్తున్నాం. అంటే, పాలగిన్నె మీ దగ్గరే ఉంది కదా."

భోజనాల దగ్గర వియ్యంకుడుగారు ఎయిర్‌పోర్టుల గురించే మాట్లాడారు. కేంద్రంలో విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీయే కాబట్టి ఈ శాఖ మీద ఆ జిల్లా వాళ్ళందరికీ సహజంగానే కొంత పట్టు ఉంటుందన్నట్టు మాట్లాడారు. బావగారు తలూపుతూ పప్పు కలుపుకున్నారు, కలుపుతూనే ఉన్నారు. చివర్లో వియ్యంకుడుగారు మర్యాదకే అడిగారు, "మీ రిటర్న్ ఎక్కడి నుంచి బావగారూ?"

రిటర్నూ అక్కడి నుంచే, తెల్లవారుజామున. అంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. ఈ సంగతి అక్క అప్పటికే తెలుసుకుని, తన ఒక్క టికెట్టునీ కూతురి చేత మార్పించి, వియ్యపురాలి పక్క సీటు వేయించుకుంది. ఆ రాత్రి ఖాళీ రోడ్ల మీద బావగారి పక్కన ఉన్నది నేనొక్కడినే. "చూశావా, ఈ టైములో ట్రాఫిక్ అనేదే లేదు," అన్నారు.

ఇప్పుడు కోట దగ్గర వాకింగ్ బ్యాచ్‌లో ఎవరింట్లో ప్రయాణం ఉన్నా బావగారే సలహాదారు. ఢిల్లీ అంటే చాలు, ఇల్లు యమునకి ఇటా అటా అని ఆరా తీస్తారు, ఘజియాబాద్ వైపైతే హిండన్ ఉందని చెప్తారు. టోక్యో ఎవరూ వెళ్ళకపోయినా నరిటా కంటే హనెడా ఊరికి దగ్గరని అందరికీ నేర్పారు. మొన్న ఒకాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్తున్నానంటే, "ఏ ఎయిర్‌పోర్టు?" అన్నారు.

"హైదరాబాద్‌కి శంషాబాద్ ఒక్కటే కదండీ, బేగంపేట 2008లోనే ఆపేశారు."

బావగారు కాసేపు ఆలోచించారు. "అయినా ఒకసారి మీవాడికి ఫోన్ చేసి అడగండి."