డయల్ మీద చెయ్యి వేయనివ్వకండి

వేలానికి వస్తున్న పాత వాచీల్లో నిపుణులు మెచ్చినవాటి గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ధరలకిచ్చిన చోటు డయల్‌కి ఇవ్వలేదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాచీ, రోలెక్స్ డేటోనా, 2017లో న్యూయార్క్‌లో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. అది ఆయన పెట్టుకున్న వాచీ కాబట్టి. మామూలు పాత వాచీకి అసలు రూపే ఆస్తి. మన హైదరాబాద్ ఇళ్లలో తాతగారి వాచీ బయటపడితే ముందు పాలిష్ కొట్టించి, డయల్‌కి కొత్త రంగు వేయిస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది! కొన్ని పాత స్విస్ వాచీల్లో ఆరు అంకె కింద ‘టి స్విస్ టి’ అని సన్నగా ఉంటుంది, చీకట్లో వెలిగే ట్రిటియం పూతకు గుర్తు. రంగు మళ్లీ వేస్తే ఆ అక్షరాలు వంకరపోతాయి, ఒక్కోసారి మాయమవుతాయి. అబిడ్స్‌లో సర్వీసుకిచ్చినా సరే, “లోపల శుభ్రం చేసి ఆయిల్ వేయండి చాలు, పై కేసూ (వాచీ తొడుగు) డయలూ ముట్టుకోవద్దు” అని గట్టిగా చెప్పండి.