ముందు వేళ చూసుకోండి, తర్వాతే రంగు

తోటంతా ఒకే రంగులో వేద్దామనుకునేవాళ్లు మామూలుగా తమకిష్టమైన రంగుతో మొదలుపెడతారు. ఎరుపంటే ఇష్టం కాబట్టి ఎర్ర గులాబీలు, ఎర్ర సాల్వియా, ఎర్ర మందారం. నా ఉద్దేశంలో లెక్క అక్కడే తప్పుతుంది. ఆ తోటను మీరు ఏ వేళప్పుడు చూస్తారన్నది ముందు తేలాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లలో చాలామంది వారంలో ఐదు రోజులు పెరట్లోకి వచ్చేది పొద్దు వాలాకే. ఆ వెలుతురులో ఎరుపు ఏమైపోతుందో ఒక్కసారి చూస్తే ఎర్ర తోట ఆలోచన మార్చుకుంటారు.

ఎర్ర జెరేనియం కుండీ దగ్గర సూర్యాస్తమయానికి కాస్త ముందు కూర్చుని చూడండి. వెలుతురు ఉన్నంతసేపూ చూపు పూల మీదికే పోతుంది, ఆకుల్ని పట్టించుకోం. చీకటి పడేకొద్దీ ఆ పూలే నల్లబడుతూ వస్తాయి. కాసేపటికి ఆకులు పూలకన్నా తేటగా కనిపిస్తుంటాయి. ఇదంతా మన కంటిలో జరిగే మార్పు. పగలు పనిచేసే కణాలకు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, చూపు బాగా ఆనుతుంది. మసకలో పని అందుకునే కణాలకు అది 507 దగ్గరికి, నీలం వైపు జరుగుతుంది. వాటికి ఎరుపు దాదాపు ఆనదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యె దీన్ని గమనించారు, అందుకే ఆయన పేరుతోనే పుర్కిన్యె ప్రభావం అంటారు.

కాబట్టి సాయంత్రం తోటలో కూర్చునేవాళ్లకు నా ఓటు తెలుపుకే. లేత పసుపు, లేత నీలం ఆ తర్వాత. పొద్దున్నే నీళ్లు పెడుతూ తిరిగేవాళ్లు, పగలంతా ఇంట్లో ఉండేవాళ్లు ఎరుపు, నారింజ నిశ్చింతగా వేసుకోవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్ల పూలు కళ్లకు గుచ్చుకుంటాయి కూడా.

తెల్ల తోట అనగానే అందరూ చెప్పేది ఇంగ్లండులోని కెంట్‌లో ఉన్న సిస్సింగ్‌హర్స్ట్. దాన్ని తీర్చిదిద్దిన రచయిత్రి వీటా సాక్విల్-వెస్ట్ 1950 జనవరిలో, ఆ తోట ఇంకా తయారవుతుండగానే, దాని గురించి పత్రికలో రాశారు. బూడిద రంగు, ఆకుపచ్చ, తెలుపు కలిసిన తోటగా దాన్ని వర్ణించారు, సంధ్యవేళ గుడ్లగూబ దాని మీదుగా చప్పుడు లేకుండా సాగిపోతుందని ఊహించుకున్నారు. ఆమె మనసులో ఉన్నదీ పొద్దువాలే వేళే అన్నమాట. ఇంకో సంగతి, ఆమె చెప్పిన మూడు రంగుల్లో రెండు ఆకులవే. ఒకే రంగు తోటలో అసలు బరువు మోసేది ఆకు. పువ్వు కొన్ని వారాలుండి పోతుంది, మిగతా నెలలన్నీ మీరు చూసేది ఆకుల్నే.

బూడిద రంగు ఆకుల మొక్కల గురించి ఒక హెచ్చరిక. లాంబ్స్ ఇయర్ ఆకును వేళ్ల మధ్య పట్టుకుంటే మెత్తటి నూగు తగులుతుంది. ఆ వెండి మెరుపు ఆ నూగుదే, ఎండను వెనక్కి కొట్టడానికి, తడి ఆరిపోకుండా ఉండడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. అలాంటి మొక్కకు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. రంగు కుదిరింది కదా అని దాన్ని నీళ్లు బాగా కావలసిన హైడ్రాంజియా పక్కన పెట్టకండి. నీటి అవసరం కలిశాకే రంగు జత చూడాలి.

తెలుపులోనూ తేడాలుంటాయి. మీగడ రంగు గులాబీ విడిగా ఎంతో బాగుంటుంది, పాలతెలుపు కాస్మోస్ పక్కకు చేరగానే మాసినట్టు కనబడుతుంది. లేబుల్ మీది ఫోటో నమ్మొద్దు, పూత మీదున్న మొక్కలనే కొని, పక్కపక్కన పెట్టి చూసి నాటండి. తెలుపుతో ఉన్న పెద్ద తలనొప్పి వాడిన పువ్వు. వాన తగిలిన తెల్ల గులాబీ అంచులు గోధుమ రంగుకు తిరిగి కొమ్మకే అంటుకుని ఉంటాయి. ఎరుపులో అది అంతగా తెలియదు, తెలుపులో దూరం నుంచే కనిపిస్తుంది. తీరిక తక్కువైతే, తుంచే పని లేకుండా వాటంతటవే రాలిపోయే నందివర్ధనం, గౌరా లాంటివి ఎక్కువగా వేసుకోండి.

నీలం తోట కావాలనేవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించాలి. నీలం హైడ్రాంజియా అని తెచ్చుకున్నది పీహెచ్ (మట్టి పులుపును చెప్పే కొలత, తక్కువైతే పులుపు ఎక్కువ) 5.5 లోపు ఉన్న మట్టిలో, అల్యూమినియం వేళ్లకు అందితేనే నీలంగా పూస్తుంది. పీహెచ్ 6.5 దాటితే గులాబీ రంగుకు తిరుగుతుంది. తెల్ల రకాలకు ఈ బాధ లేదు. గులాబీల్లో అచ్చమైన నీలమే లేదు. 2009లో జపాన్‌లో నీలి గులాబీ పేరుతో అమ్మకానికొచ్చినదీ చూడ్డానికి లేత ఊదాగానే ఉంటుంది. డెల్ఫీనియం, ప్లంబాగో, అగపాంథస్ లాంటివాటిని నమ్ముకోవడం మేలు.

ఇన్ని చెప్పినా, నియమం మరీ బిగించకూడదన్నదే నా మాట. తోటల రూపకల్పనలో రంగుల గురించి ఇంగ్లండ్ తోటల రూపశిల్పి గెర్ట్రూడ్ జెకిల్ అంత లోతుగా ఆలోచించినవాళ్లు తక్కువ. నీలి తోటకు తెల్ల లిల్లీలో, లేత నిమ్మపండు పసుపో కావలసి ఉన్నా, పేరుకు కట్టుబడి వాటిని రానివ్వకపోవడం తోటను పాడుచేయడమేనని ఆమె 1908లోనే రాశారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తెల్ల తోటలో ఒక మూల లేత పసుపు తీగ ఉంటే చుట్టూ ఉన్న తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఆ పరాయి రంగును నాలుగుచోట్ల చల్లకుండా ఒక్కచోటే గుంపుగా పెట్టాలి, అదీ మీరు కూర్చునే చోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు.

గొయ్యి తవ్వే ముందు మొదటి సీజన్ అంతా కుండీలతోనే గడపండి. సాయంత్రం మీరు కూర్చునే కుర్చీలోంచే ఫోన్‌తో ఒక ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అంతా ఒకే ముద్దలా కనిపిస్తే ఆకుల ఆకారాలు, ఎత్తులు చాలలేదన్నమాట. అప్పుడు కొనాల్సింది ఇంకో పూలమొక్క బదులు నిటారుగా పెరిగే ఆకుల ఐరిస్సో, పెద్ద ఆకుల హోస్టానో.