హవాయిల ఒక్క దీవి చాలు, అమ్మానాయినలను తీస్కపోర్రి

అమెరికాల ఉన్న మనోళ్లల్ల ఎవరిని అడిగినా హవాయి ట్రిప్ అంటే ఒక్కటే ప్లాన్, వారంల మూడు దీవులు, వైకీకి బీచుల ఫొటోలు, మావీ దీవిల సన్‌రైజ్, మధ్యల రెండు ఫ్లైట్లు. ఊరి నుంచి అమ్మానాయినలు వస్తే వాళ్లకు నయాగరా, వేగాస్ చూపిస్తం, హవాయికి మాత్రం వాళ్లు వాపస్ పోయినంక మనం పోతం. ఇది నాకు అస్సలు నచ్చదు. బిగ్ ఐలాండ్ ఒక్కదానికే వారం పెట్టుకోర్రి, పెద్దోళ్లను వెంట తీస్కపోర్రి, ఎందుకంటే భూమిని చూసి అర్థం చేసుకునుడు మనకంటే వాళ్లకే బాగ ఎరుక.

ఆ దీవి 10,430 చదరపు కిలోమీటర్లు, మిగతా హవాయి దీవులన్నీ కలిపినా దానికంటే తక్కువనే. ఐదు అగ్నిపర్వతాలు ఒకదానికొకటి అతుక్కొని అయిన నేల అది. హిలో దిక్కు ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైన వాన, మౌనాకియా గుట్ట దాటి అవతలి కోహాలా ఒడ్డుకు పోతే కొన్ని జాగలల్ల 250 కూడా పడదు, మన పాలమూరుల పడే ఆరేడు వందలకు సగం కూడా కాదు. కార్ల గంటన్నర, రెండు గంటల దారి అంతే. పొద్దున హిలోల గొడుగు పట్టుకొని బయలుదేరి పగటీలికి అటు దిగంగనే నల్లరాళ్లు, ఎండిన గడ్డి, మా నాయిన కిటికీల నుంచి చూస్కుంట "మబ్బునంత ఆ గుట్ట అటుదిక్కే పిండుకుంటది, ఇటు ఏం మిగుల్తది" అన్నడు. ఈశాన్యం నుంచి వచ్చే గాలి, ఆ గాలికి అడ్డం నిలబడ్డ 4,207 మీటర్ల గుట్ట, సంగతంతా అదే, ఆయన ఏ బోర్డూ చదవలే.

నాకు బాగ యాదికున్నది దీవి తూర్పు కొసకున్న పూనా దిక్కు పోయిన రోజు. 2018ల కిలావియా అగ్నిపర్వతం పగిలి లైలాని ఎస్టేట్స్ అనే కాలనీల నేల నోరు తెరిచింది, ఏడు వందల దాకా ఇండ్లు పోయినయి, కపోహో అనే సముద్రపు బే మొత్తం లావాతోని నిండిపోయింది. పోహోయికి అనే ఒడ్డు కాడ లావా సరిగ్గ పడవలు దించే జాగ ముంగట ఆగింది, ఇప్పుడు ఆడ నల్ల ఇసుక ఒడ్డు ఉంది. నాయిన ఆ గట్టిపడ్డ లావా మీద చెయ్యి పెట్టి, నల్లగ, గరుకుగ, అంచులు అద్దం పెంకు లెక్క కోస్తున్నయి, చాలసేపు నిలబడి అడిగిండు: "ఈ కింద భూమి ఉన్నోళ్లకు పట్టా ఉన్నట్టేనా, పోయినట్టేనా?"

మాకు ఆ ప్రశ్న ఊకెనే రాలేదు. మా దగ్గరి చుట్టాలు కొల్లాపూర్ దిక్కు, 1981ల శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు పొలాలు, ఇండ్లు అన్నీ ముంపుల పోయినోళ్లు. అయితే ఆడి కానూన్ ఇట్లుంది, లావా కప్పేసిన పాత భూమి ఓనర్‌దే ఉంటది, కానీ లావా సముద్రంల పడి కొత్తగ పుట్టిన నేల మాత్రం సర్కారుది, 1977ల హవాయి సుప్రీంకోర్టు అట్లనే తీర్పిచ్చింది. ఇది చెప్తే నాయిన "అంటే రాయి కింద ఉన్నా పేరు ఉంటది, మనకు నీళ్ల కిందికి పోతే పేరు కూడా పోయింది" అన్నడు. బీచుల, రిసార్టుల గురించి ఎన్ని వీడియోలు చూసినా నాకు ఈ మాట దొరకకపోయేది. అందుకే అంటున్న పెద్దోళ్లను తీస్కపోర్రి అని.

అమ్మది వేరే. కిలావియా మీదున్న హలేమౌమౌ గుంతను ఆడి పాతోళ్లు అగ్నిపర్వతాల దేవత పేలే అమ్మ నివాసం అని నమ్ముతరు, దాని అంచుల నిలబడి మా అమ్మ అలంపూర్ జోగులాంబకు మొక్కినట్టే రెండు చేతులు జోడించింది, ఎవ్వరూ చెప్పలే. ఆ నేల ఆడి జనాలకు గుడి, మౌనాకియా కూడా అంతే, 2019ల పెద్ద టెలిస్కోపు కట్టొద్దని గుట్ట కింద నెలల తరబడి కూసున్నరు. మనోళ్లు కొందరు రాళ్లు జేబుల వేసుకొని వస్తరు, వాల్కనోస్ నేషనల్ పార్కుల అది నేరం, పైగా గుళ్లెకెల్లి రాయి తెచ్చుకుంటమా మనం?

"పెద్దోళ్లు నడవలేరు" అంటరు. ఎక్కువ నడిచేది లేదు. వాల్కనోస్ పార్కుల చూసే జాగల దాకా కారు పోతది, పునలూ ఒడ్డుకు పార్కింగ్ నుంచి నాలుగు అడుగులు, తాబేళ్లు ఇసుకల పండుకొని ఉంటయి, దూరంగనే ఉండాలె. మౌనాకియా మీదికి మాత్రం గుండె జబ్బు ఉన్నోళ్లను తీస్కపోవద్దు, 2,800 మీటర్ల కాడ విజిటర్ స్టేషన్ దగ్గరనే ఆగి చుక్కలు చూపించుర్రి, స్వెటర్లు మర్చిపోవద్దు. కిలావియా 2024 డిసెంబర్ 23న మొదలువెట్టి ఆగుకుంట ఆగుకుంట ఎగజిమ్ముతుంది, కొన్ని గంటలు లావా లేస్తది, మళ్ల రోజులకు రోజులు పడుకుంటది, అందుకే రెండు రోజులల్ల చూసొస్తం అంటే దొరకదు. సగం రోజులు హిలోల, సగం పడమటి దిక్కున్న కోనాల ఉండుర్రి, వంటగది ఉన్న ఇల్లు తీసుకోర్రి, హిలో మార్కెట్ల చామగడ్డ, బొప్పాయి, అరటి మస్తు దొరుకుతయి, జొన్నపిండి ఒక్కటి ఇంటి నుంచి పట్టుకపోతే సరిపోతది.